ఏసోబును వదలని వైరస్

ఎండాకాలం నడిమధ్యలో నాకు ఉన్ని శాలువా కప్పి, "నిస్వార్థ సేవామూర్తి" అని పొగిడి, మార్కాపురం ప్రభుత్వాసుపత్రి నుంచి సాగనంపారు. వేదిక మీద మాట్లాడినవాళ్ళలో సగం మందికి నాది ఏ విభాగమో తెలియదు. ఒకాయన నన్ను కాన్పుల డాక్టరనుకొని, నా చేతుల మీద పుట్టిన బిడ్డల గురించి గొంతు వణికేలా మాట్లాడాడు. నాది జనరల్ మెడిసిన్. దగ్గేవాళ్ళు, ఆయాసపడేవాళ్ళు, షుగరు నాలుగొందలు దాటినా స్వీటు ముట్టలేదని బిడ్డల మీద ఒట్టు పెట్టేవాళ్ళు... నా సర్వీసంతా వీళ్ళతోనే గడిచింది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు గిద్దలూరులో మా ఇంటికి వచ్చినప్పుడు, "మేడం, కరోనా టైములో ఎట్ల ఉండేది?" అని అడుగుతుంటారు. పీపీఈ కిట్లో చెమటలు, ఆక్సిజన్ కోసం పరుగులు, ఆ కథలు అందరూ చెప్పేశారు. కొందరు పడని చెమట గురించి కూడా చెప్పారు. నేను ఒక్క రోగి గురించి చెబుతాను. వైరస్ కొత్త రూపాలు ఎట్లా ఎత్తుతుందో, మన ఒంటి కాపలాను ఎట్లా తప్పించుకుంటుందో నేను అతని దగ్గరే కళ్ళారా చూశాను. మిగతాదంతా తర్వాత చదువుకున్నాను.

దగ్గు తిరిగొచ్చింది

ఏసోబుది హనుమంతునిపాడు వైపు ఒక పల్లె. భార్య రాహేలమ్మ. ఇద్దరిదీ కూలిపనే. ఏసోబుకు లింఫు గ్రంథుల క్యాన్సరు వస్తే, ఆరోగ్య పథకం కింద దూరంగా ఒక నగరంలోని ఆసుపత్రిలో మందు ఎక్కించారు. అది మంచి మందు. గడ్డలు బాగా కరిగాయి, మిగిలినవి పెరగకుండా కొన్ని నెలలకోసారి అదే మందు ఎక్కిస్తూ ఉండాలన్నారు. కానీ ఆ మందుకు ఒక గుణం ఉంది. చెడ్డ కణాలతో పాటు, ఒంట్లో యాంటీబాడీలు తయారుచేసే మంచి కణాలను కూడా ఊడ్చేస్తుంది. అంటే ఇంటి కాపలావాళ్ళలో ఒక జట్టు మొత్తం సెలవులో ఉన్నట్టే.

అట్లా ఉండగా రెండో వేవ్ వచ్చింది. ఏసోబు మా వార్డులో ఆక్సిజన్ మీద పడుకుని, బతకడేమో అనుకున్నవాడు లేచి ఇంటికి పోయాడు. మేమందరం సంతోషించాం. వానలు మొదలయ్యాక మళ్ళీ వచ్చాడు, జ్వరం, దగ్గు. పరీక్ష చేస్తే పాజిటివ్. మందులిచ్చి పంపాం. చలికాలం మొదట్లో మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పాజిటివ్.

ఆ రోజు రాహేలమ్మ ఓపీ గది తలుపు దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఏంది మేడం ఇది? ఊళ్ళో అందరికీ వచ్చింది, అందరికీ పోయింది. ఈ మనిషికే ఎందుకు పోదు? మా ఊరోళ్ళు ఏమంటుండారో తెలుసా? కరోనా మా ఇంట్లో కాపురం పెట్టిందంట. మిరపకోతలకు పోతే ఆటోలో ఎక్కనీట్లేదు నన్ను. నాకు పరీక్ష చేసినారు గదా, లేదన్నారు గదా, ఆ కాయితం చూపిస్తే, 'నీకు లేదు సరే, నీ చీరకు ఉంటే?' అంటుండారు."

"చీరకు ఉండదని చెప్పలేదా?"

"చెప్పినా. 'నువ్వు డాక్టరువా' అనిరి."

ఏసోబు బల్ల మీద కూర్చుని నవ్వబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

సూపరింటెండెంటు గారి ఫ్లెక్సీ సిద్ధాంతం

అప్పటి మా సూపరింటెండెంటు సర్జన్. కత్తికి దొరకని జబ్బంటే ఆయనకు నమ్మకం తక్కువ. మనిషి చెడ్డవాడు కాదు. పేపర్లో పేరు పడుతుందంటే మాత్రం ఆపరేషను మధ్యలో కరెంటు పోయినంత కంగారుపడేవాడు. నేను ఏసోబు సంగతి చెప్పగానే ఫైలు మూసేశాడు.

"అమ్మా, అవి చచ్చిన వైరస్ ముక్కలు. పెళ్ళయిపోయినాక కూడా రోడ్డు మీద ఫ్లెక్సీ ఉంటాది గదా? అట్ల. ఫ్లెక్సీని చూసి పెళ్ళి భోజనానికి పోతారా ఎవరైనా? ఇంటికి పంపించు."

న్యాయంగా చెప్పాలంటే, ఆ మాట చాలామంది రోగుల విషయంలో నిజమే. జబ్బు తగ్గిన తర్వాత కూడా కొన్ని వారాల పాటు పరీక్షలో పాజిటివ్ రావచ్చు. అందులో బతికున్న వైరస్ ఉండదు. కానీ ఫ్లెక్సీకి జ్వరం రాదు. స్కానులో ఊపిరితిత్తుల మీద కొత్త మచ్చలు పడవు. పైగా పరీక్ష మిషను ఏసోబు శాంపిల్లో వైరస్‌ను చాలా తొందరగా పట్టేసింది. మిషను ఎంత తొందరగా పట్టుకుంటే లోపల సరుకు అంత ఎక్కువ ఉన్నట్టు. ఆ మాటే సార్‌తో అన్నాను.

"అయితే మళ్ళీ కొత్తగా అంటుకోనుంటాది," అన్నాడు.

"అంటుకుంటే ఎవరి నుంచి సార్? ఆ పల్లెలో ఇప్పుడు ఒక్క కేసు లేదు. ఆయన కొట్టంలో వేరుగా పడుకుంటుండాడు. పలకరించేవాళ్ళే లేరు."

"మరి ఏందంటావు నువ్వు?"

"రెండో వేవులో వచ్చిన వైరసే ఇంకా పోలేదంటాను. పాత శాంపిలు జిల్లా ల్యాబు ఫ్రీజర్లో ఉంది. అదీ ఇదీ కలిపి జన్యుపరీక్షకు పంపుదాం. రెండూ ఒకటేనో కాదో తేలిపోతాది."

"తేలితే?"

"తేలితే తెలుస్తాది సార్," అన్నాను. ఆయన నన్ను పై నుంచి కింద దాకా చూసి, సంతకం పెట్టాడు. ఆ సంతకం నా మాట నచ్చి పెట్టింది కాదు, బయట కాంట్రాక్టరు ఎదురుచూస్తున్నాడు. పిల్లలూ, గుర్తుపెట్టుకోండి. పై అధికారిని ఒప్పించడానికి మంచి వాదన కంటే మంచి సమయం ముఖ్యం.

బుర్ర లేని ప్రాణి

రిపోర్టు రావడానికి చాలా వారాలు పట్టింది. జిల్లా ల్యాబులో పనిచేసే మైక్రోబయాలజిస్టు, నాకంటే చాలా చిన్న అమ్మాయి, ఫోన్ చేసింది.

"మేడం, మీరన్నట్టే. ఒకటే వంశం. పాతదానికి ఇది మనవడి మనవడు. కానీ ముళ్ళ దగ్గర చాలా మార్పులున్నాయి."

ముళ్ళంటే వైరస్ ఒంటి మీది స్పైకులు. వాటితోనే అది మన కణాన్ని పట్టుకుని లోపలికి దూరుతుంది. మన యాంటీబాడీలు కూడా ఎక్కువగా ఆ ముళ్ళనే గుర్తుపట్టి అడ్డుపడతాయి.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. ఆ రోజుల్లో టీవీ పెడితే చాలు, "తెలివి మీరిన వైరస్", "పగబట్టిన వైరస్" అని అరుపులు. వైరస్‌కు తెలివి లేదు, పగ లేదు. అసలు బుర్రే లేదు. అది చేసేది ఒకటే పని, మన కణంలో దూరి తన నకళ్ళు తీయించుకోవడం. నకలు తీసేటప్పుడు అక్కడక్కడా తప్పులు పడతాయి. కరోనా వైరస్‌కు తప్పులు దిద్దుకునే ఏర్పాటు కొంత ఉంది, అయినా అన్నీ దిద్దుకోలేదు. ఆ తప్పుల్లో చాలావాటివల్ల వైరస్‌కే నష్టం. కొన్నిటివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. ఎప్పుడో ఒకటి మాత్రం ముల్లు ఆకారాన్ని కొద్దిగా మార్చి, యాంటీబాడీ పట్టు జారిపోయేలా చేస్తుంది. పట్టుబడినవి చస్తాయి. జారిపోయినవి పెరుగుతాయి. కొన్నాళ్ళకు జారిపోయేవే మిగులుతాయి. దాన్నే మనం కొత్త వేరియంటు అంటాం.

మామూలు మనిషి ఒంట్లో ఈ ఆట ఎక్కువ రోజులు సాగదు. ఒకటి రెండు వారాల్లో కాపలావాళ్ళు తరిమేస్తారు. అది ఈలోపే ఇంకొకరికి అంటుకుంటే అక్కడ ఆట మళ్ళీ మొదలవుతుంది. లోకమంతా తిరిగే వైరస్‌లో మార్పులు అట్లా కూడా పోగవుతాయి. ఏసోబు ఒంట్లో కాపలా సగమే ఉంది. వైరస్‌ను చంపేంత బలం లేదు, వదిలేసేంత నీరసమూ లేదు. పైగా రెండో వేవులో మేము ఎక్కించిన ప్లాస్మాలో, జబ్బు నుంచి కోలుకున్నవాళ్ళ యాంటీబాడీలు కొన్ని ఉన్నాయి. అవి కొన్నాళ్ళు అడ్డుపడి, అయిపోయాయి. అరకొర అడ్డు, అంతులేని సమయం. ఊరంతా తిరిగితే పడాల్సిన మార్పులు ఒక్క మనిషిలోనే పడ్డాయి.

ఇదంతా నేను ఏసోబుకు నా తరహాలో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే నా ఒంట్లోనే తిని, నా ఒంట్లోనే చదువుకొని పెద్దదైనాదన్నమాట," అన్నాడు. "నా కొడుకులు పదో తరగతి దాటలా. ఇదేమో దాటింది."

పలకల శెట్టిగారి రాయబారం

ఆసుపత్రిలో రహస్యం నిలవాలంటే దాన్ని నోటీసుబోర్డు మీద పెట్టాలి. ఎవరూ చదవరు. మేము గుట్టుగా ఉంచాం కాబట్టి వారం తిరక్కుండానే లోకల్ చానల్లో కింద అక్షరాలు పరిగెత్తాయి: "పశ్చిమ ప్రకాశంలో కొత్త రకం కరోనా?" చివర్లో ఆ ప్రశ్నార్థకం ఉంటే ఏదైనా రాసేయొచ్చు.

మర్నాడు సూపరింటెండెంటు గదిలో రంగయ్య శెట్టిగారు కూర్చున్నారు. మార్కాపురంలో పలకల వ్యాపారం ఆయనది. ఇక్కడి రాయి కోయించి, నగిషీ పట్టించి విదేశాలకు పంపుతారు. ఆసుపత్రికి అప్పుడప్పుడూ కుర్చీలూ ఫ్యాన్లూ దానం చేస్తారు. అందుకని మా సార్ ఆయన ముందు ఎప్పుడూ కుర్చీ అంచునే కూర్చుంటాడు.

"డాక్టరమ్మా, ఈ వేరియంట్లకు ఊళ్ళ పేర్లు పెడతారంట గదా?" అన్నాడు శెట్టిగారు.

"ఇప్పుడు పెట్టట్లేదండీ. గ్రీకు అక్షరాలు పెడుతున్నారు."

"అది పైవాళ్ళు. జనం ఏమంటారు? మార్కాపురం వేరియంట్ అంటారు. రేపు నా కంటైనరు ఓడరేవులో దిగంగానే, ఇది ఆ కరోనా ఊరి రాయి అంటే నా గతేంది? నా దగ్గర రాయి కోసే కుర్రోళ్ళ కూలి ఎవరిస్తారు?"

"రాయికి కరోనా రాదండీ."

"చీరకు కూడా రాదు గదమ్మా. అయినా అనిరంట గదా?"

ఆ మాట నిజమే.

అప్పుడు ఆయన కొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించి, తను వచ్చిన అసలు పని చెప్పాడు. "శాంపిలు కాయితం మీద ఊరి పేరు మార్చొచ్చు గదా. పొదిలి అని రాయండి."

"పొదిలివాళ్ళు ఏం చేశారండీ?"

"వాళ్ళకు ఎగుమతులు లేవు గదా. పోనీ, దర్శి అనండి."

మా సార్ నా వైపు ఆశగా చూశాడు. పేరు మార్చడం ఆయనకు కూడా అంత పెద్ద తప్పుగా కనిపించలేదని నాకు అర్థమైంది. నేను కుదరదన్నాను. మా సార్ ఇంకో దారి వెతికాడు. "పోనీ ఏసోబును పెద్ద ఊరికి రిఫర్ చేసేస్తే? ఆడ నుంచి ఏ పేరైనా వస్తాది, మనకు సంబంధం ఉండదు."

రిఫర్ చేయడమనేది మా వృత్తిలో గొప్ప ఆయుధం. వైద్యం చేయడానికి కంటే వదిలించుకోవడానికే ఎక్కువ వాడతాం. "ఆయన ఇక్కడే ఉంటాడు సార్," అన్నాను. "పంపాలని మీకుంటే మీరే కాయితం రాసి, కింద కారణం కూడా రాయండి." కారణం రాయమంటే మా సార్ ఏ పనైనా మానుకుంటాడు. మానుకున్నాడు.

ఏది ముందు చంపుతాది?

అసలు చిక్కు ఇప్పుడు మొదలైంది. క్యాన్సరు మందు తర్వాతి విడత దగ్గరపడింది. అది ఎక్కిస్తే మిగిలిన కాపలా కూడా పోతుంది, వైరస్ ఇక ఒంట్లోంచి కదలదు. ఎక్కించకపోతే గడ్డలు తిరిగి పెరగవచ్చు. క్యాన్సరు డాక్టరు ఫోన్లో నన్ను గట్టిగానే అడిగాడు.

"వాయిదా వేస్తే, గడ్డ పెరిగితే, బాధ్యత ఎవరిది?"

"ఎక్కిస్తే, ఊపిరితిత్తులు పోతే?"

ఇద్దరికీ తెలిసింది అంతంత మాత్రమే. పుస్తకాల్లో ఇట్లాంటి రోగులు అక్కడొకరు, ఇక్కడొకరు ఉన్నారు. హనుమంతునిపాడు నుంచి ఒక్కరూ లేరు. చివరికి ఆయనే దిగొచ్చాడు. మందు ఆపుదాం, గడ్డలను స్కానులో చూసుకుంటూ ఉందాం, ఈలోపు వైరస్ పని పట్టమన్నాడు.

ఏసోబును, రాహేలమ్మను కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రెండు వైపులా ప్రమాదమే అన్నాను.

"రెండిట్లో ఏది తొందరగా చంపుతాది మేడం?" అని అడిగాడు ఏసోబు.

"తెలీదయ్యా."

రాహేలమ్మకు కోపమొచ్చింది. "ఇంత చదివి తెలీదంటే ఎట్లమ్మా?"

"తెలుసని చెప్తే అది అబద్ధం అవుతుందమ్మా."

ఏసోబు భార్యను ఆగమని చెయ్యి ఎత్తాడు. "ఇంతవరకు నాతో తెలీదన్న డాక్టరు లేడు," అన్నాడు. "అందరూ తగ్గిపోతాదనే చెప్పిరి. సరే, ముందు ఈ దగ్గు సంగతి చూడండి. ఆ గడ్డ ఒక్క నన్నే తినుద్ది. ఈ దగ్గు ఉన్నన్నాళ్ళూ నా పెళ్ళానికి కూలి లేదు."

వైరస్‌ను అణిచే మందు మామూలుగా ఇచ్చేదానికంటే ఎక్కువ రోజులు ఇచ్చాం. దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను సీసాలుగా ఎక్కించాం. అప్పటికి దేశంలో చాలామందికి జబ్బో, టీకానో అయ్యింది కాబట్టి, ఆ సీసాల్లో రకరకాల యాంటీబాడీలు కలిసి ఉంటాయి. ఒకదాని నుంచి జారిపోయిన వైరస్ ఇంకొకదానికి దొరకవచ్చని ఆశ. అదీ పనిచేయకపోతే ఇక చేసేదేమీ లేదు. నిజం చెప్పాలంటే ఆ వారాల్లో నాకు అన్నం సయించలేదు. వార్డులో మాత్రం జోకులు వేస్తూ తిరిగాను. భయపడే డాక్టరును చూస్తే రోగికి బీపీ పెరుగుతుంది.

శెట్టిగారి వంతు

ఏసోబు మంచం మీద ఉండగానే ఒమిక్రాన్ వచ్చింది. ఊరంతా ఒక్కసారిగా దగ్గింది. శెట్టిగారు కూడా మూడు మాస్కులు కట్టుకుని నా ఓపీకి వచ్చారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"డాక్టరమ్మా, నేను అప్పుడే చెప్పినా. ఆ ఏసోబును ఈడ పెట్టుకొని ఊరంతటికీ అంటించినారు."

"మీరు పోయిన వారం ఎక్కడికెళ్ళారండీ?"

"నేనా? హైదరాబాదులో మా తోడల్లుడి ఇంట్లో గృహప్రవేశం."

"అక్కడ ఎవరైనా దగ్గారా?"

ఆయన ఆలోచించాడు. "పురోహితుడు," అన్నాడు చివరికి.

ఆయన శాంపిలు కూడా జన్యుపరీక్షకు పంపాం. ఆయనది, మా దగ్గర నుంచి పోయిన మిగతావాళ్ళది, అన్నీ బయటి నుంచి వచ్చిన ఒమిక్రానే. ఏసోబు వైరస్‌తో ఏ ఒక్కదానికీ చుట్టరికం లేదు. అది మాకు తెలిసినంతలో ఏసోబును దాటి బయటికి రానేలేదు. ఆయన పాటించిన దూరం కొంత, రాహేలమ్మ వేయించుకున్న టీకా కొంత, అదృష్టం కొంత. ఒక మనిషి ఒంట్లో ఉండటానికి అలవాటుపడిన వైరస్ ఇంకొకరికి అంటుకోవడంలో కూడా అంతే చురుగ్గా ఉండాలని లేదు.

శెట్టిగారికి అది నచ్చలేదు. "నాకు రెండు సూదులు పడినాయి. అంతకుముందు ఒకసారి జబ్బు కూడా వచ్చి పోయినాది. మళ్ళీ ఎట్ల వస్తాదమ్మా?"

"మీ గోడౌను వాచ్‌మన్‌కు దొంగ ఫోటో ఇచ్చారనుకోండి. వాడు గడ్డం గీసుకుని, గుండు కొట్టించుకుని వచ్చాడు. వాచ్‌మన్ గుర్తుపట్టలేదు. గేటు దాటేశాడు."

"అయితే సూదులు దండగేనా?"

"గేటు దగ్గర తప్పించుకున్నాడు గానీ, లోపల ఇంకో కాపలా ఉంది. వాళ్ళు ముఖం ఒక్కటే చూడరు. బీరువా దగ్గర పట్టుకున్నారు. అందుకే మీరిప్పుడు ఆక్సిజన్ మీద పడుకోకుండా నాతో పోట్లాడుతున్నారు."

శెట్టిగారు, "మరి ఏసోబుకు?" అన్నాడు.

"ఆయన గేటు దగ్గర మనుషుల్లేరండీ. మనమే నిలబడుతున్నాం."

శెట్టిగారు మందులు తీసుకుని వెళ్ళిపోయాడు. మరుసటి వారం మా సార్ గదిలో మళ్ళీ కనిపించాడు. ఈసారి ఊరి పేరు సంగతి ఎత్తలేదు. పోతూ పోతూ, "ఆ మనిషి ఎట్ల ఉన్నాడు?" అని మాత్రం అడిగాడు. మనుషులు ఒక్కసారిగా మారిపోతారని నేను రాయను. ఆయన ఆ తర్వాత కూడా ఆసుపత్రికిచ్చిన ఫ్యాన్ల రెక్కల మీద తన పేరే రాయించాడు.

ఆదివారం

ఏసోబుకు మొదట జ్వరం తగ్గింది. తర్వాత ఆకలి పుట్టింది. పరీక్షలో ఒకసారి నెగెటివ్ వచ్చింది, నమ్మలేదు. మళ్ళీ చేశాం, నెగెటివ్. ఇంకొన్నాళ్ళు ఆగి చేశాం, అప్పుడూ నెగెటివే. స్కానులో గడ్డలు ఎక్కడివక్కడే ఉన్నాయి. క్యాన్సరు డాక్టరు, మందు ఇంకా కొన్నాళ్ళు ఆపి చూద్దామన్నాడు. ఆ తర్వాత ఇంకోరకం మందు పెట్టారు. ఏసోబు ఈ రోజుకీ ఉన్నాడు.

ఇంటికి పంపే రోజు రాహేలమ్మ సంతోషంగా లేదు. నెగెటివ్ అని రాసిన కాగితం చేతిలో పట్టుకుని నిలబడింది.

"ఈ కాయితం ఎవురు చదువుతారమ్మా మా ఊళ్ళో? మీరొచ్చి చెప్పండి."

"చెప్తే వింటారా?"

"చెప్పొద్దులే. వచ్చి కూసోండి చాలు."

ఆ ఆదివారం నేను వాళ్ళ పల్లెకు వెళ్ళాను. మాది క్రైస్తవ కుటుంబం కాదు, ప్రార్థన మందిరంలో ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియదు. ఏసోబు, రాహేలమ్మ వచ్చి మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు విడిపోకుండా వెనక గోడ వారగా ఒకే చాప మీద కూర్చున్నారు. వాళ్ళ చుట్టూ ఒక ఎద్దులబండి తిరిగేంత ఖాళీ. నేను మాస్కు తీసి చేతిసంచిలో పెట్టుకుని, ఆ ఖాళీలో ఏసోబు పక్కన కూర్చున్నాను. ముందు వరుసల్లోంచి తలలు ఇటు తిరిగాయి. పాస్టరు కూడా ఒక నిమిషం వాక్యం మరిచిపోయాడు.

కాసేపటికి ఒక ముసలమ్మ కర్ర ఊనుకుంటూ లేచి వచ్చి నా పక్కన కూలబడింది. తర్వాత రాహేలమ్మతో మిరపకోతలకు పోయే ఒకామె వచ్చింది. ఇంకొకరు. పిల్లలు ఎటూ ఆగరు, వాళ్ళు వచ్చేశారు. ఖాళీ కొంచెం కొంచెంగా తగ్గింది.

జబ్బు పడకముందు అక్కడ పాట ఎత్తేది ఏసోబేనట. పాస్టరు, "ఏసోబు, పాట," అన్నాడు.

ఏసోబు లేచి నిలబడి పాట ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుగా, బలహీనంగా ఉంది, కానీ పాట కుదిరింది. అందరూ అందుకున్నారు. రెండో చరణం మధ్యలో ఏసోబుకు దగ్గొచ్చింది. గట్టి దగ్గే. పాట ఆగింది.

మందిరంలో ఒక్కరూ కదల్లేదు. తలలు కూడా తిప్పలేదు. ఉలిక్కిపడి పక్కకు జరిగింది ఒకే ఒక్క మనిషి. నేను.

ముసలమ్మ నా మోకాలి మీద చెయ్యేసి నొక్కింది.

"కూసో అమ్మాయ్," అంది. "అది ఉత్త దగ్గే."